కేదారి చూసే గీత

కేదారికి కళ్ళు మూసుకున్నా గీత కనిపించేది. పచ్చగా, సన్నగా పాకుతూ పోయి, ఉన్నట్టుండి పైకి లేచి, మళ్ళీ కిందికి జారేది.

హైదరాబాదులో పదేళ్ళకు పైగా అతని ఉద్యోగమే అది. ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్ల మీద ఎంత భారం పడుతోందో తెర మీద గ్రాఫులు చూపిస్తుంటే, వాటికి కాపలా కాయడం. గీత పైకి లేచిందంటే భారం పెరిగినట్టు. మరీ లేస్తే ఫోన్లు చెయ్యాలి, పరిగెత్తాలి, ఏదో ఒక పనిని ఆపెయ్యాలి. కింద ఉన్నంతసేపూ అది ఎప్పుడు లేస్తుందోనని కూర్చోవాలి. పోనుపోను, పైకి కదులుతుందని లిఫ్టు ఎక్కడం కూడా మానేశాడు. ముందు కంచం పెట్టుకుని అన్నం కలపడం మరిచిపోయి ఫోను వంక చూసేవాడు. ఒక రోజు ఆఫీసు మెట్ల మీద కూర్చున్నవాడు మరి లేవలేకపోయాడు. కాళ్ళకు ఏమీ కాలేదు. లేవాలనిపించలేదు, అంతే.

ఉద్యోగం మానేసి కనిగిరి బస్సెక్కాడు.

కనిగిరి నుంచి పామూరు వెళ్ళే దారిలో, రోడ్డుకు కాస్త లోపలికి వీరదాసు గారి ఆశ్రమం ఉంది. ఆశ్రమమంటే ఒక మిద్దె గది, రెండు రేకుల షెడ్లు, వంటపాక, చుట్టూ కంది చేలు. వీరదాసు గారిది తత్వాలు పాడే పరంపర. వాళ్ళకు పాడటమే బోధ, వినటమే సాధన. ఆయన ఉపన్యాసం ఇవ్వగా ఎవరూ వినలేదు. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళు అరిగిపోయాయి. చిన్నప్పుడు మేనత్త వెంట వచ్చి ఆయన పాట విన్న గుర్తుంది కేదారికి. పోదామనుకుంటే ఆ చోటు తప్ప ఇంకోటి తోచలేదు.

"ఏం కావాలి నాయనా?" అని అడిగారు వీరదాసు గారు.

"ఊరికే ఉండాలి గురువుగారూ. అలసిపోయాను."

"ఉండు."

ఉన్నాడు. ఆశ్రమం ఊడ్చాడు, నీళ్ళు మోశాడు. వంట చూసుకునే సుభద్రమ్మకు కట్టెలు కొట్టి పెట్టాడు. తెల్లవారి అందరితోపాటు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కూర్చున్న కాసేపటికే రెప్పల వెనక గీత పాకడం మొదలుపెట్టేది.

కొన్నాళ్ళు చూసి గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన మోకాళ్ళకు నువ్వుల నూనె రుద్దుకుంటున్నారు.

"అన్నీ వదిలేసి వచ్చాను గురువుగారూ. అయినా కళ్ళు మూసుకుంటే ఆ కంప్యూటర్ల భారం చూపించే గీతే కనిపిస్తోంది. బరువు దిగలేదు. ఏం చెయ్యాలి?"

వీరదాసు గారు రెండో మోకాలికి కూడా నూనె పట్టించడం పూర్తి చేశారు. "సుభద్రమ్మ కందికాయలు ఒలుస్తోంది. పోయి ఆమె పక్కన కూర్చో" అన్నారు.

కేదారి వెళ్ళి కూర్చున్నాడు. కాయలు ఒలిచాడు. తన ప్రశ్నకు జవాబు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాడు. రాలేదు.

ఆ తర్వాతే ఒంగోలు భక్తుడొకాయన తన కొట్లో పక్కన పడేసిన కంప్యూటరును తెచ్చి ఆశ్రమానికి ఇచ్చాడు. ఆశ్రమంలో ఒక ఇనప్పెట్టె నిండా పాత క్యాసెట్లున్నాయి. ఏటేటా ఆరాధన నాడు రాత్రంతా పాడిన తత్వాలు వాటిలో ఉన్నాయి. కొన్నిటికి బూజు పట్టింది. అవి పూర్తిగా పాడయ్యేలోగా కంప్యూటర్లోకి ఎక్కించమన్నాడాయన.

"ఇంకెవురికొచ్చుద్ది ఆ పని? కేదారే చెయ్యాల" అంది సుభద్రమ్మ.

కేదారి గురువుగారి ముఖంలోకి చూశాడు. వద్దంటారేమోనని ఆశ. ఆయన మిద్దె గది వైపు చెయ్యి చూపించారు.

మిద్దె గదిలో కంప్యూటర్ పెట్టి, తీగలు తగిలించి, అన్నిటికంటే ముందు కేదారి ఒక పని చేశాడు. సిస్టమ్ మానిటర్ తెరిచి, తెరలో సగం దానికే ఇచ్చేశాడు. కంప్యూటర్ మీద ఎంత పని పడుతోందో ఎప్పటికప్పుడు బొమ్మ గీసి చూపిస్తుంది అది. నాలుగు రంగుల్లో నాలుగు గీతలు. వాటి కింద మెమరీకి ఒకటి, వేడికి ఒకటి. మామూలుగా అవి తాపీగా కదులుతాయి. కేదారికి ఆ తాపీ సరిపడలేదు. రెప్పపాటులో పలుమార్లు కదిలేట్టు మార్చుకున్నాడు. ఏదీ తన కన్ను దాటిపోకూడదు.

కుర్చీలో వెనక్కి వాలాడు. చాలా రోజుల తర్వాత చేతులకు ఏదో పని దొరికినట్టనిపించింది. మెడ మాత్రం పాత చోటే పట్టేసింది.

క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించడం తేలికే. టేపు బుస, జనరేటరు రొద, జనం దగ్గులు, పిల్లల ఏడుపులు తీసేసి, పాడినవాళ్ళ గొంతు మిగల్చడం కష్టం. దానికొక సాఫ్ట్‌వేర్ ఉంది. ఆ పాత కంప్యూటరుకు అది తలకు మించిన పని. మొదలుపెట్టీ పెట్టగానే నాలుగు గీతలూ కలిసి నెత్తికెక్కేవి. లోపల ఫ్యాను హోరుమనేది. కేదారికి అరచేతులు చెమటలు పట్టేవి. కాసేపు బిగబట్టుకుని చూసేవాడు. ఇక ఆగలేక పని ఆపేసేవాడు. గీతలు కిందికి జారితే గాని అతనికి ఊపిరి ఆడేది కాదు.

మధ్యలో ఆపితే మళ్ళీ మొదటి నుంచే మొదలుపెట్టాలి. చిన్న పాటలు ఎలాగో పూర్తయ్యాయి. పెద్ద క్యాసెట్లు ఒక్కటీ కాలేదు.

అలా ఆగిపోయిన వాటిలో తిరుపాలమ్మ పాడిన క్యాసెట్ ఒకటి.

తిరుపాలమ్మ, ఆమె భర్త కోటిలింగం పక్క ఊరివాళ్ళు. ప్రతి ఆరాధనకూ జంటగా వచ్చి పాడేవాళ్ళు. ఆయన ఎత్తుకుంటే ఆమె అందుకునేది. ఒక్క ఏడు మాత్రం ఆయన గొంతు బొంగురుపోతే, తంబుర ఆయన చేతిలోనే ఉంచి, రాత్రంతా ఆమె ఒక్కతే పాడింది. ఆ రాత్రి పాటే ఆ క్యాసెట్‌లో ఉంది. తిరుపాలమ్మ పోయి కొన్నేళ్ళయింది. ఆ తర్వాత కోటిలింగానికి గొంతులో పుండు లేచి, ఆపరేషను చేసి స్వరపేటిక తీసేశారు. ఇప్పుడాయన మాట్లాడితే మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచి గాలి వస్తుంది, మాట రాదు. పెదాలు చూసి తెలుసుకోవాలి.

క్యాసెట్ బయటపడిందని తెలిసి ఆయన పరుగున వచ్చాడు. అప్పటికే అది ఒక్కసారి మోగి, టేపు తెగి, ముక్కలు ముక్కలైంది. మిగిలింది కంప్యూటర్లోకి ఎక్కినది ఒక్కటే. కేదారి దాన్ని అలాగే వినిపించాడు. రొదలో ఆమె గొంతు ఎక్కడో నూతి అడుగున ఉన్నట్టుంది. కోటిలింగం స్పీకరుకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. ఆమేనా కాదా అన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"బాగుచేసి ఇస్తాను పెద్దాయనా" అన్నాడు కేదారి.

అప్పటినుంచీ ఆయన వారానికోసారి వచ్చి, గుమ్మంలో నిలబడి, కనుబొమ్మలు ఎగరేసి అడిగేవాడు. "ఇంకా కాలేదు" అనేవాడు కేదారి. ఆయన తలూపి వెళ్ళిపోయేవాడు.

కేదారి మరో కాపలా కూడా నెత్తిన వేసుకున్నాడు. గురువుగారి దగ్గరికి రోజంతా మనుషులు వచ్చేవాళ్ళు. మొగుడితో పడనివాళ్ళు, బిడ్డ పోయినవాళ్ళు, కిడ్నీలు చెడి ఆస్పత్రుల చుట్టూ తిరిగి అలసిపోయినవాళ్ళు. ఆయన ఎవరికీ పెద్దగా ఏమీ చెప్పేవారు కాదు. వినేవారు. ఎప్పుడైనా ఒక తత్వం పాడేవారు. సాయంత్రానికి ఆయన ముఖం పాలిపోయేది. కేదారికి అది కనిపించేది. మెట్టు ఎక్కేటప్పుడు ఎక్కడ ఆగుతున్నారో, అన్నం ఎంత వదిలేస్తున్నారో, ఊపిరి ఎంత బరువుగా తీస్తున్నారో చూస్తూ ఉండేవాడు. మరీ ఎక్కువైందనిపిస్తే గేటు దగ్గరికి వెళ్ళి, "ఇవాళ గురువుగారికి నలతగా ఉంది, ఇంకో రోజు రండి" అని జనాన్ని పంపించేసేవాడు. గురువుగారికి తెలియదనుకునేవాడు.

ఒక ఉదయం కోటిలింగం వచ్చాడు. అది ఆయన వచ్చే రోజు కాదు. కేదారి గేటు దగ్గరే ఎదురెళ్ళాడు.

"ఇంకా కాలేదు పెద్దాయనా. గురువుగారు కూడా పడుకుని ఉన్నారు. వచ్చే వారం రండి."

కోటిలింగం పెదాలు కదిలాయి. కేదారికి అందలేదు. ఆయన మళ్ళీ నెమ్మదిగా కదిపాడు. రేపు. గుంటూరు. ఆస్పత్రి. చెయ్యెత్తి మెడ మీద, కుట్లు వేసిన చోటు పక్కన కొత్తగా లేచిన వాపు చూపించాడు.

కేదారికి అర్థమైంది. అర్థమయ్యాక కూడా అతని నోటికి పాత మాటే వచ్చింది. "వచ్చాక వినొచ్చు లెండి. పూర్తి చేసి పెడతాను."

కోటిలింగం అతని వంక కాసేపు చూశాడు. కోపంగా ఏమీ లేదు. అరచెయ్యి ఆకాశం వైపు తిప్పి, వస్తానో రానో అన్నట్టు ఊపి, వెనక్కి తిరిగి రోడ్డు వైపు నడిచాడు.

ఇదంతా వంటపాక లోంచి సుభద్రమ్మ చూసింది. రాగిజావ తీసుకుపోయి గురువుగారి ముందు పెట్టి, చూసింది చూసినట్టు చెప్పింది.

వీరదాసు గారు జావ ముట్టకుండా కేదారిని పిలిపించారు.

"కోటిలింగం వచ్చాడా?"

"వచ్చాడండీ."

"ఏడీ?"

"పంపించాను గురువుగారూ. రాత్రి మీకు సరిగా నిద్ర లేదు. నిన్న పొద్దుగూకేదాకా మనుషులే. పొద్దున మెట్ల మీద ఆగి గోడ పట్టుకున్నారు. ఇంత భారం మీ ఒంటికి..."

ఆయన అతన్నే చూస్తూ ఉన్నారు.

"నన్ను కూడా ఆ గీతలో పెట్టావా?"

కేదారి తల దించుకున్నాడు.

"అలసటేనయ్యా. లేదని నేననను" అన్నారు వీరదాసు గారు. సుభద్రమ్మ వైపు తిరిగారు. "బస్సు రాకముందే ఆయన్ని పట్టుకో అమ్మా. ఇవాళ భోజనం ఇక్కడేనని చెప్పు." ఆమె చెంగు దోపుకుని రోడ్డు వైపు పరిగెత్తింది. ఆయన కేదారి వైపు చెయ్యి చాపారు. "లేపు."

కేదారి లేపాడు. ఆయన అతని భుజం పట్టుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ, మిద్దె గదికి నడిచారు. కంప్యూటర్ వచ్చాక ఆయన ఆ గదిలోకి రావడం అదే మొదలు. స్టూలు మీద కూర్చుని, ఊపిరి కుదుటపడేదాకా ఆగి, తెర వంక చూశారు.

"ఇప్పుడు పని నడుస్తోందా?"

"లేదు గురువుగారూ. నిన్న ఆపేశాను."

"మరి ఆ గీతలు కదులుతున్నాయే?"

కేదారి మౌసు అందుకున్నాడు. ఏ పని ఎంత భారం మోపుతోందో వరుసగా చూపించే పట్టీ తెరిచాడు. అన్నిటికంటే పైన ఉన్న పేరు అతను తెరిచి పెట్టుకున్న మానిటర్‌దే. అంత వేగంగా బొమ్మ గీయడానికి అదే కంప్యూటర్‌ను తింటోంది. అది అతనికి తెలియని సంగతి కాదు. ఆ ఉద్యోగంలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. ఎప్పుడూ నోటితో అనలేదు, అంతే.

"ఎవరి పని అది?" అని అడిగారు గురువుగారు.

"చూసే పనే గురువుగారూ."

ఆయన ఊఁ అన్నారు. "తిరుపాలమ్మ పాట మొదలుపెట్టు."

కేదారి మొదలుపెట్టాడు. నాలుగు గీతలూ ఒక్కసారిగా లేచి నెత్తికెక్కి అక్కడే నిలబడ్డాయి. ఫ్యాను హోరుమంది. వేడి చూపించే గీత మెల్లగా పైకి జరుగుతోంది. కేదారి చొక్కా వీపుకు అంటుకుంది. చెయ్యి దానంతటదే మౌసు మీదికి పోయింది.

ఆ చేతి మీద గురువుగారి చెయ్యి పడింది. ఎండిపోయి, నూనె వాసన వేసే ముసలి చెయ్యి. గట్టిగా పట్టుకోలేదు. ఊరికే పెట్టారు.

"ఆగిపోతుందేమో గురువుగారూ."

"ఆగిపోతే ఏం చెయ్యాలి?"

"మళ్ళీ మొదటి నుంచీ చెయ్యాలి."

"నువ్వు ఆపితే?"

"మళ్ళీ మొదటి నుంచీ చెయ్యాలి."

గురువుగారు అతని చెయ్యి అలాగే తీసుకుని కంప్యూటర్ పెట్టె మీద ఆనించారు. రేకు వేడిగా ఉంది. లోపలి అదురు అరచేతికి తగులుతోంది.

"జ్వరమా?" అన్నారు.

కేదారి చేత్తో చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళుగా భారాన్ని కంటితో చూడటమే గాని చేత్తో ముట్టుకుని ఎరగడు. "కాదు" అన్నాడు. "పని."

"పూర్తయితే మనకెట్లా తెలుస్తుంది?"

"చూస్తూ ఉండాలండీ."

"అదే చెప్పేట్టు చెయ్యలేవా?"

"చెయ్యొచ్చు. అయిపోగానే పాట దానంతటదే మోగేట్టు పెట్టొచ్చు."

"పెట్టు."

కేదారి పెట్టాడు. ఆ కాసేపట్లోనూ నాలుగైదుసార్లు గీతల వంక చూశాడు.

"ఇంక దాన్ని మూసెయ్" అన్నారు గురువుగారు.

ఉద్యోగం మానేసినప్పుడు ఇంత కష్టం కాలేదు. ఊరు వదిలినప్పుడూ కాలేదు. కేదారి బాణం గుర్తును మానిటర్ మూలకు తీసుకుపోయి అక్కడే ఉంచాడు. చూడకపోతే ఏదో అయిపోతుంది. ఏమవుతుందో ఎప్పుడూ తేల్చుకోలేదు గాని, అయిపోతుంది. పదేళ్ళకు పైగా ఆ ఒక్క నమ్మకం మీదే మేలుకుని ఉన్నాడు.

గురువుగారు తొందర పెట్టలేదు. బయట గేటు చప్పుడైంది. సుభద్రమ్మ కోటిలింగాన్ని వెంటబెట్టుకుని వస్తోంది.

కేదారి నొక్కాడు. గీతలు పోయాయి. వాటి వెనక ఖాళీ నీలం తెర ఉంది.

"ఇప్పుడెంత భారం ఉంది?"

"తెలియదు గురువుగారూ."

"పని?"

కేదారి చెవి పెట్టి విన్నాడు. ఫ్యాను తిరుగుతోంది. "జరుగుతోంది."

వీరదాసు గారు వెళ్ళిపోతారనుకున్నాడు. ఆయన వెళ్ళలేదు. గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకున్నారు. ఆయన కూడా అక్కడే ఉన్నారు కాబట్టి కేదారి లేవలేదు.

అతనికి కళ్ళను ఎక్కడ పెట్టాలో తెలియలేదు. తెర వంక చూస్తే ఏమీ లేదు. కిటికీ వంక చూశాడు. కంది చేలో ఎవరో కొడవలితో కోసుకుంటూ పోతున్నారు. కోసిన కట్టలు వెనక వరుసగా పడుతున్నాయి. వాటిని చూస్తూ ఉంటే కళ్ళు మండాయి. నీళ్ళు కారాయి. ఏడవాలని అతనికేమీ లేదు. మరీ ఎక్కువసేపు తెరిచి ఉంచిన కళ్ళలోంచి కారినట్టు కారాయి, అంతే. తుడుచుకోలేదు. చాప మీద కాళ్ళు ముడుచుకుని కాసేపు ఒరుగుదామనుకున్నాడు. ఒకసారి ఉలిక్కిపడి తలెత్తాడు. ఫ్యాను హోరు అలాగే ఉంది. తల వాల్చాడు.

ఈసారి కళ్ళు మూసుకుంటే ఏం కనిపించిందో అతనికి గుర్తు లేదు.

మెలకువ వచ్చేసరికి గదిలో ఎండ ఏటవాలుగా పడుతోంది. తల కింద గురువుగారి కండువా మడత పెట్టి ఉంది. స్టూలు ఖాళీగా ఉంది. కంప్యూటర్ చప్పుడు లేకుండా ఉంది. ఆగిపోయిందేమోనని లేచి కూర్చున్నాడు. అప్పుడు వినిపించింది.

ఆడమనిషి గొంతు. మరీ తీయని గొంతేమీ కాదు. ఎండలో తిరిగిన గొంతు. పైకి వెళ్ళేటప్పుడు కొంచెం జీరపోయి, చరణం చివర ఊపిరి పట్టుకుని, ఎవరో అందుకుంటారన్నట్టు ఒక క్షణం ఆగి, ఎవరూ అందుకోకపోతే తనే అందుకుని ముందుకు పోతోంది. వెనక రొద లేదు. తంబుర మాత్రం వినిపిస్తోంది.

కేదారి గుమ్మంలోకి వచ్చాడు. స్పీకరును తీగ అందినంత దూరం వసారాలోకి లాగి పెట్టారు. దాని ముందు కోటిలింగం బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తొడ మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. ఆమె ఆగిన ప్రతిచోటా ఆయన నోరు తెరిచి అందుకుంటున్నాడు. గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఆయన దాన్ని లెక్కచేసినట్టు లేడు.

సుభద్రమ్మ స్తంభానికి ఆనుకుని కళ్ళొత్తుకుంటోంది. తిన్న కంచాలు ఇంకా కడగలేదు. పాట మొదలై చాలాసేపైనట్టుంది.

వీరదాసు గారు గోడ వార మంచం మీద కూర్చుని వింటున్నారు. ముఖం పాలిపోయే ఉంది. కేదారి వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"ఎప్పుడు పూర్తయింది గురువుగారూ?"

ఆయన పాట మీది నుంచి చెవి తియ్యలేదు.

"ఏమో నాయనా. ఎవరూ చూడలేదు."